ఖాళీ విస్తరాకు ముందు మా మామ

సినిమాలో భోజనాల సీను వచ్చిందంటే మా ఇంట్లో డైలాగులు ఎవరూ వినరు, అందరి కళ్లూ చేతుల మీదే ఉంటాయి. హీరోగారు అన్నం నిజంగా కలిపాడా, కలిపినట్టు వేలి కొసలతో అటూ ఇటూ జరిపి ఊరుకున్నాడా, ముద్ద నోట్లోకి పోయిందా లేకపోతే నోటి దాకా తీసుకెళ్లి సరిగ్గా అప్పుడే ఏదో కోపం గుర్తొచ్చి విసురుగా లేచెళ్లిపోయాడా, ఇదే మాకు సినిమా. కూతురి పెళ్లి కుదిరిందని ఎవరో చెప్తుంటే తండ్రి వేషం వేసినాయన కంచంలో సాంబారు అట్టాగే నిండుగా ఉండేది, మా అమ్మ హాల్లో గట్టిగా అనేసేది "ఈయన పొద్దుట్నించీ తినలా, తినడు కూడా" అని. ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఈ జబ్బు మాకు అంటించింది మా మామ, అంటే మా అమ్మకి అన్న.

మాది కావలికీ బిట్రగుంటకీ మధ్యలో ఒక పల్లె. మామ రైసు మిల్లులో గుమాస్తా. పగలంతా బస్తాల లెక్క రాయడం, సాయంత్రం అయితే నాటకం రిహార్సల్సు, అత్త తిట్లు, మళ్లీ రిహార్సల్సు. అప్పట్లో మా జిల్లాలో నాటకాల పిచ్చి ఉన్నోళ్లలో సగం మంది ఇట్టా గుమాస్తాలూ చిన్న ఉద్యోగస్తులే. రాజనాల మా కావలి మనిషి, సినిమాల్లోకి పోకముందు రెవెన్యూ ఆఫీసులో పనిచేశాడు. రమణారెడ్డి నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు (ఆ బక్క మనిషి హోటళ్ల మీద తనిఖీకి పోతే ఎట్టుండేదో అని నాకు ఇప్పటికీ నవ్వొస్తది). ఆత్రేయది సూళ్లూరుపేట వైపు మంగళంపాడు, సినిమా పాటలకంటే ముందు నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు, ఆయన 'ఎన్జీవో' నాటకం చిన్న గుమాస్తా బతుకు మీదే. మామ ఈ పేర్లన్నీ వరసగా చెప్పి చివర్న "అందరూ మన మాదిరి కాగితాలు రాసుకునేవాళ్లే గదరా అల్లుడూ" అనేవాడు, ఆ "మన" అన్న చోట గొంతు కొంచెం బిగిసేది.

పైగా మద్రాసు మాకు దగ్గర. నెల్లూరు నుంచి 170 కిలోమీటర్ల పైన కొంచెం, బిట్రగుంటలో ప్యాసింజరు ఎక్కి కునుకు తీస్తే చాలు. హైదరాబాదు అంటే దానికి రెండింతలు పైనే, అదేదో వేరే దేశం మాదిరి ఉండేది మాకు. కళ్లజోడు కావాలన్నా, పెళ్లి పట్టుచీరలు కావాలన్నా, పెద్ద డాక్టరు కావాలన్నా మద్రాసే. తెలుగు సినిమా కూడా చాలా ఏళ్లు అక్కడే ఉంది గదా, అందుకని మా వైపు కాస్త గొంతు ఉన్న ప్రతి కుర్రోడికీ సినిమా అనేది రైలు టికెట్టంత దూరంలో కనపడేది.

మద్రాసు సంగతికి ముందు నాటకం సంగతి చెప్పాలి. తిరణాళ్లకి మా ఊళ్లో పద్యనాటకం ఉండేది, ఒక్కోసారి దానికి ముందు ఊరి కుర్రాళ్లు వేసే సాంఘిక నాటకం. పద్యనాటకానికి బయట్నించి పెద్ద నటులొచ్చేవాళ్లు, హార్మోనిస్టు, రాగం తీస్తే తెల్లారేదాకా వన్స్ మోర్లు. వాళ్లకి భోజనాలు మా తాత వాళ్ల ఇంట్లోనే. అక్కడ నేను గమనించింది ఏందంటే, హరిశ్చంద్రుడు వేసే ఆయన రాత్రి నాటకానికి ముందు ఏమీ తినేవాడు కాదు. పులుపు అస్సలు ముట్టడు, గొంతు పట్టేస్తదని. మిరియాల పాలు, పటికబెల్లం ముక్క, అంతే. నక్షత్రకుడి వేషం ఆయన మాత్రం శుభ్రంగా పెట్టించుకుని తిని పోయి స్టేజీ మీద ఆకలి ఆకలి అని హరిశ్చంద్రుణ్ణి చంపుకు తినేవాడు. కాటికాపరి కష్టం చూసి ఏడ్చే జనానికి ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఏం తెలుసు. నాకు తెలుసు గాబట్టి చిన్నప్పుడే నవ్వొచ్చేది.

మా మామ సాంఘికంలో ముసలి తండ్రి వేషం. వయసు ముప్పై కూడా లేదు, జుట్టుకి పౌడరు కొట్టుకుని. అందులో ఒక భోజనం సీను ఉండేది. స్టేజీ మీద నిజం అన్నం పెట్టే ఓపిక ఎవరికీ లేదు, పెడితే చీమలు, కుక్కలు, పైగా నోట్లో మెతుకులతో డైలాగు చెప్తే మైకుకి తుంపర్లు. అందుకని ఖాళీ విస్తరాకు. మామ దాని ముందు బాసింపట్లు వేసుకుని కూర్చుని, ముందుగా ఆకుని కొంచెం సర్దుకునేవాడు. తర్వాత అన్నం మధ్యలో గుంట చేసేవాడు, ఆ గుంటలో పులుసు పోయించుకునేవాడు, పోసే కోడలి వేషం కుర్రాడు ఖాళీ గరిటె తిప్పుతుంటే "చాలు చాలు" అని ఎడం చెయ్యి అడ్డం పెట్టేవాడు. చెయ్యి కాలినట్టు ఒకసారి విదిలించి, గట్టు పక్కన్నుంచి కొంచెం కొంచెంగా కలిపేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, ఒక్క క్షణం ఆగి, నాలుకతో వెతుక్కుని, రెండు వేళ్లతో ముల్లు తీసి ఆకు అంచున పెట్టేవాడు. లేని ముల్లు! నేల మీద కూర్చున్న ఆడోళ్లలో ఒక ముసలామె "మెల్లిగా నాయనా, ముళ్లు జాస్తిగుండాయి" అని గట్టిగా అనింది. జనం అంతా గొల్లుమన్నారు, మామ మాత్రం నవ్వలా, ఆమె వైపు చూసి తలూపి ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఆ తలూపుడు గురించి మా ఊళ్లో చాలా రోజులు చెప్పుకున్నారు.

దాంతో ఇంకేముంది, ఊరంతా నువ్వు ఇక్కడ ఉండాల్సినోడివి కాదు అనడం, మామ మిల్లు మానేసి మద్రాసు రైలు ఎక్కడం. అత్త అప్పుడు మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను.

వేషాలు రాలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ అవమానం కూడా చెయ్యలేదు, ఊరికే రాలేదు. కోడంబాకంలో మా వైపు మనిషి ఒకాయన ప్రొడక్షన్లో ఉంటే ఆయన పట్టుకుని పనిలో పెట్టాడు. ప్రొడక్షన్ అంటే చాలామంది ఏదో ఆఫీసు అనుకుంటారు, మామ చేసింది యూనిట్‌కి టిఫిన్లూ భోజనాలూ టీలూ చూసే పని. తెల్లారుజామున ఇడ్లీ, పొంగలి, వడ, రెండు చట్నీలు లొకేషనుకి చేరాలి, ఏడు గంటల షిఫ్టుకి లైట్‌బాయ్‌లు అంతకుముందే వచ్చి ఉంటారు, వాళ్లకి టిఫిన్ అందకపోతే లైటు పైకెక్కదు. "డైరెక్టరు ఆకలితో ఉంటే కేకలేస్తాడు, లైటు మనిషి ఆకలితో ఉంటే పనే ఆగిపోద్ది" అని మామ సూత్రం. ఎండలో షూటింగైతే పదకొండింటికి మజ్జిగ. మధ్యాహ్నం సాపాటులో తెలుగు కంపెనీ అంటే పప్పు, పచ్చడి, కారం ఉండాల్సిందే, సాంబారు ఒక్కదాంతో సర్దితే ఆంధ్రా నుంచొచ్చిన క్యారెక్టరు ఆర్టిస్టులు మొహం మాడ్చుకునేవాళ్లంట. ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, ఎవరికి స్టీలు కంచం ఎవరికి ఆకు, ఎవరికి క్యారియరు ఇంటినుంచొస్తది, ఎవరు తమ క్యారియరులోది నలుగురికీ పెట్టి తింటారు, ఇదంతా మామకి కంఠోపాఠం. పేర్లు చెప్పేవాడు గానీ అవి ఆయన మాటల మీద నేను రాయడం బాగుండదు. ఒక్కటి మాత్రం చెప్పేవాడు, తెర మీద విలన్లుగా ఉన్నోళ్లే ఎక్కువగా "నువ్వు తిన్నావా?" అని అడిగేవాళ్లంట.

ఆ పనిలోనే ఇంకో పని కూడా మామ మీద పడింది. సీనులో కనపడే తిండి సర్దడం. ఇక్కడే నాకు అసలు రహస్యాలు తెలిసినయి. పొగలు కక్కే అన్నం అంటే నిజంగా పొగ ఉండదు, వెనకాల ఎవరో సాంబ్రాణో సిగరెట్టు పొగో ఊదాలి. కూర మెరవాలంటే పైన నూనె కుంచెతో పూయాలి. ఐస్‌క్రీం లైట్ల కింద నిలవదు గాబట్టి ఉడకబెట్టిన ఉర్లగడ్డ మెత్తగా పిసికి కప్పులో పెట్టడం. ఆ పెద్ద లైట్ల వేడికి అరిటాకు అంచులు ముడుచుకుపోతాయి, పెరుగు పులిసిపోద్ది, పొద్దున పెట్టిన సాంబారు మధ్యాహ్నానికి మీగడ కట్టి వాసనొస్తది, అదే ప్లేటు ముందు హీరోయిన్ నవ్వుతా "మీకిష్టమైన వంకాయ కూర" అనాలి. ఎట్ట తింటారు చెప్పండి.

అంతకంటే పెద్ద చిక్కు కంటిన్యుటీ. సీను మొత్తం దూరం నుంచి తీసే మాస్టర్ షాటులో మూడు ముద్దలు తిని నాలుగో ముద్ద దగ్గర డైలాగు చెప్తే, క్లోజప్‌లో కూడా అన్నం అంతే తగ్గి ఉండాలి, అప్పడం అక్కడే విరిగి ఉండాలి, గ్లాసులో నీళ్లు అంతే ఉండాలి. అసిస్టెంటు డైరెక్టరు పుస్తకంలో రాసుకుంటాడు, అయినా తేడా వస్తది. ఎదుటోడు డైలాగు మర్చిపోతే మళ్లీ మొదట్నించీ తినాలి. అందుకే తెలివైన నటులు తినరు, కలుపుతా ఉంటారు. మెతుకుల్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఇంకా తెలివైనోళ్లు ముద్ద ఎత్తే టైముకి కోపం తెచ్చుకుని లేచిపోతారు. మన సినిమాల్లో ఇంతమంది అన్నం ముందునుంచి లేచిపోవడానికి కారణం కథ అని మీరనుకుంటారు, నాకైతే సగం కంటిన్యుటీయే అనిపిస్తది. పైగా డబ్బింగులో నమిలే నోటికి మాట కలపడం ఇంకో నరకం.

మామ తెర మీద కనపడింది కూడా తింటానే. పెళ్లి సీనుకి జూనియర్ ఆర్టిస్టులు తక్కువైతే ప్రొడక్షన్ వాళ్లని కూడా పంక్తిలో కూర్చోబెట్టేశారు. మామ ఉత్తరం రాశాడు, ఫలానా సినిమాలో ఎడమవైపు వరసలో మూడో మనిషిని నేనే అని. ఆ సినిమా మా వైపు ఆలస్యంగా వచ్చింది, టూరింగ్ టాకీసుకి. ఊరి ఊరంతా బండ్లు కట్టుకుని పోయాం, నేల టిక్కెట్టు వాళ్లు, బెంచీ వాళ్లు, వేరుశెనక్కాయల పొట్లాలు, గోళీ సోడాలు, అత్త మాత్రం కుర్చీ టిక్కెట్టు. పెళ్లి వచ్చింది, పంక్తి వచ్చింది, కెమెరా అట్టా జారిపోయింది. మామ! లడ్డు నోటి దాకా పోయింది, అంతే, తలుపు దగ్గర హీరోగారు "ఆపండి" అన్నాడు, పెళ్లి ఆగింది, మామ లడ్డు కూడా ఆగింది. అందరం ఈలలేశాం. అత్త ఈల వెయ్యలేదు గానీ ఇంటికొచ్చేటప్పుడు బండిలో అడిగింది, "ఆ ఆకులో పెరుగు పక్కన పెట్టింది ఏం కూర?" అని. మామ తర్వాత పండక్కి ఊరికొచ్చినప్పుడు తేలింది, అది కూరా కాదు నారా కాదు, రంగు కలిపిన గుమ్మడికాయ ముక్కలంట. ఆ లడ్డు కొరకొద్దని ముందే చెప్పారంట, లెక్క తప్పుద్దని.

నాలుగైదేళ్లకి మద్రాసు వదిలి వచ్చేశాడు. పరిశ్రమ మెల్లిమెల్లిగా హైదరాబాదు పోవడం మొదలైంది, అంత దూరం మామ పోలేదు. వచ్చినాక నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక సందులో చిన్న టిఫిన్ అంగడి పెట్టాడు. సెకండ్ షో వదిలినాక జనం వచ్చే అంగడి అది. ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లిన దోశ, అంచు కరకరలాడాలి, మధ్యలో మెత్తగా ఉండాలి. నేను కాలేజీ చదువుకి నెల్లూరు చేరింది ఆ రోజుల్లోనే, రాత్రిళ్లు అక్కడే. సినిమా ఆడుద్దో పోద్దో మామ పేపర్లు చూసి చెప్పేవాడు కాదు, దోశ తినే తీరు చూసి చెప్పేవాడు. మాట్లాడకుండా గబగబా తిని పోతే పోయిందని, దోశ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయి వాదించుకుంటుంటే ఆడేసుద్దని. చాలాసార్లు నిజమయ్యేది.

నటన గురించి మామ పెద్దగా సిద్ధాంతాలు చెప్పేవాడు కాదు గానీ, టీవీలో మాయాబజార్ వస్తే మాత్రం అంగడి మూసేసేవాడు. 1957 సినిమా అది, కె.వి.రెడ్డి దగ్గర అప్పుడు అసిస్టెంటుగా చేరిన కుర్రాడు మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు, చిన్నమయ్య వేషం మన రమణారెడ్డి, కాబట్టి అది మా జిల్లా సినిమా అని మామ లెక్క. వివాహ భోజనంబు పాటలో అందరూ ఎగిరొచ్చి నోట్లో పడే లడ్డూలు చూసి నోరు తెరుస్తారు. "లడ్డూలు చూడమాకండిరా, అది బార్ట్‌లీ కెమెరా పని, రంగారావు దవడ చూడండి" అనేవాడు. నిజంగా చూడండి ఈసారి. పాట పాడింది మాధవపెద్ది సత్యం, అంటే ఎస్వీఆర్ పాటకి పెదాలు కలపాలి, నవ్వాలి, కళ్లతో పళ్లాలన్నీ లెక్కపెట్టాలి, మధ్యలో తినాలి, తిన్న ముద్ద గొంతులోంచి దిగినట్టు మనకి తెలియాలి. ఆ తిండిలో ఏది నిజమో ఏది అట్టముక్కో నాకు తెలీదు, ఆకలి మాత్రం నిజంగా ఉంది. "ఖాళీ విస్తరాకు ముందు కూర్చోబెట్టినా ఆయన ఇట్టాగే తింటాడు" అని మామ అనేవాడు, ఆ మాట అన్నప్పుడు మాత్రం ఎవరి వైపూ చూసేవాడు కాదు. అదే సింగీతం 1987లో మాటలే లేకుండా పుష్పక విమానం తీస్తే మామ అంగడికొచ్చినోళ్లందరికీ చెప్పాడు, డైలాగు లేకపోతేనే ఎవడు నటుడో తేలేది అని.

ఒంగోలు వాళ్లంటే కూడా మామకి గౌరవం. డైరెక్టరు టి. కృష్ణ, డైలాగులు రాసే హరనాథరావు వాళ్లందరూ నాటకాల్లోంచి పోయినోళ్లు గదా. 1985లో వాళ్ల ప్రతిఘటన సినిమా వచ్చినప్పుడు ఆ డైలాగులు విని "ఇవి గది లోపల కూర్చుని రాసినవి కావు, జనం ముందర అరిచి చూసుకున్న మాటలు" అన్నాడు. మరుసటేడే కృష్ణ పోయాడు, నలభై ఏళ్లు కూడా లేవు మనిషికి. ఆ రోజు అంగడి తెరవలేదు. తర్వాత ఏదో పని మీద ఒంగోలు పోయినప్పుడు అల్లూరయ్య మైసూర్‌పాక్ కట్టించుకొచ్చి అందరికీ తలా ముక్కా పెట్టాడు, ఎందుకని అడిగితే ఏమీ చెప్పలా.

ఇప్పుడు అత్త సంగతి. ఆమె చేపల పులుసు. మా వైపు దాని గురించి ఎవరు రాసినా గొడవలే గాబట్టి మా ఇంటి పద్ధతే చెప్తున్నా, మీది వేరే అయితే మంచిదే. జువ్వలదిన్నె నుంచి వచ్చిన చేప, వంజరమైనా చందువా అయినా, కాలవ చేపైతే కొరమీను, దొరికితే బొమ్మిడాయిలు. మట్టి చట్టి. మంచినూనె, ఇంకో నూనె పేరెత్తితే వంటింట్లోంచి పొమ్మంటది. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ధనియాలు విడిగా వేయించి దంచి పెట్టుకోవాలి. చింతపండు పులుసు బాగా తెర్లి పచ్చివాసన పోయినాకే చేప ముక్కలు పడాలి, పడినాక గరిటె అనేది పెట్టకూడదు, చట్టిని రెండు చేతులతో గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి, ముక్క చెదరకుండా. మామిడికాయ ముక్కలు ఆఖర్న. అయిపోయినాక మూత పెట్టి వదిలెయ్యాలి, ఆ పూట తినొద్దు. రాత్రి వండింది పొద్దున. పొద్దున వండింది రాత్రికి. పాతరోజుల్లో మొలగొలుకుల అన్నంతో తినేవాళ్లమని మామ అంటాడు, ఆ బియ్యం ఇప్పుడు యాడుండాయి, సన్నాలతోనే సరిపెట్టుకుంటున్నాం. మిగిలిన పులుసు ఇడ్లీలోకి, అది వేరే స్వర్గం.

ఇప్పుడు ఫోన్లో తిండి వీడియోలు చూస్తుంటే నాకు మామ లేకుండానే మామ కళ్లొచ్చేస్తాయి. ముద్ద నోట్లో పడ్డ సెకనులోపే కళ్లు మూసి సూపర్ అంటారు, ఇంకా నమల్లేదు. చేపల పులుసు తింటా గడగడా మాట్లాడేవాడు ఉంటే వాడు చేప తినడం లేదు, కనీసం ముళ్లున్న చేప తినడం లేదు.

మొన్నామధ్య మామ మనవడు షార్ట్ ఫిలిం తీస్తానన్నాడు. ఇంజనీరింగు చదువుతుండాడు, నలుగురు స్నేహితులు, ఒక ఫోను, ఒక లైటు. కథ ఏందంటే ఒంటరి ముసలాయన అన్నం తింటా ఉంటాడు, అమెరికా నుంచి కొడుకు ఫోను, ఆయన కళ్లలో నీళ్లు. ముసలాయన ఎవరో మీకు తెలిసిపోయింది. కూర హోటల్నుంచి తెప్పిస్తామన్నారు, అత్త ఒప్పుకోలా, ముందురోజు రాత్రే పులుసు చేసి పెట్టింది. మామ కథ వినంగానే "చెయ్యంతా పులుసుంటే ఫోను ఎట్టెత్తుతాడురా, స్పీకర్ ఎయ్యనా ముక్కుతో?" అని మొదలుపెట్టాడు. వాడు తల పట్టుకుని, తాతా ముందు ఒకసారి రిహార్సల్ చేద్దాం, కంచం ఖాళీగానే పెడతాం అన్నాడు.

ఎనభై దాటిన మనిషి. చేతులు వణుకుతాయి. ఖాళీ కంచం ముందర కూర్చున్నాడు, కంచం కొంచెం సర్దుకున్నాడు, గుంట చేశాడు, చెయ్యి కాలినట్టు విదిలించాడు. నాకు ఆ తర్వాత ఏం వస్తదో తెలుసు, అయినా చూస్తా ఉండిపోయా. ముల్లు తీసి అంచున పెట్టాడు. కుర్రాళ్లలో లైటు పట్టుకున్నోడు లైటు దించేశాడు.

ఆ తర్వాత నిజం పులుసు పోసి టేక్ అన్నారు. అంతే, నటన గిటన ఏమీ లేదు, మామ తినడం మొదలుపెట్టాడు. ఫోను మోగింది, ఎత్తలా. ఇంకోసారి మోగింది, "ఎవరో చూడండిరా" అన్నాడు. వాడు కట్ అన్నాడు, మామ వినిపించుకోలా, "ఏమే, ఇంకో మామిడికాయ ముక్క ఎయ్యి" అని వంటింటి వైపు కేకేశాడు. కంటిన్యుటీ పోయింది తాతా అంటే "పోతే పోనీ, పులుసు చల్లారతది, మీరు కూడా కూర్చోండి" అన్నాడు. అందరూ కూర్చున్నారు.

ఆఖరికి సినిమాలో వాడు పెట్టుకుంది రిహార్సల్లో తీసిన ముక్కే, కంచం లోపల కనపడకుండా కింద నుంచి కోసి. అత్త కళ్లజోడు పెట్టుకుని ఫోన్లో ముందూ వెనకా తిప్పి తిప్పి చూసి, రాత్రంతా కూర్చుని వండితే నా పులుసు ఒక్కచోట కూడా చూపించలేదేందిరా అని వాణ్ణి పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.